కర్త ఎవరు? సంగీతం, క్రీడ, సామాజిక హక్కుల రంగాల స్మృతిదినాలపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

మహనీయుల జయంతులు, వర్ధంతులు జరిపే తీరు ఆ మహనీయుల కంటే జరిపేవారి గురించే ఎక్కువ చెబుతుంది. ఆబ్దికానికి కర్త ఉన్నట్టే బహిరంగ స్మృతిదినానికీ ఒక కర్త ఉంటాడు. త్యాగరాజ ఆరాధన, ధ్యాన్‌చంద్ జయంతి, అంబేద్కర్ జయంతి–పరినిర్వాణ దినాలను పక్కపక్కన పెట్టి, ఆ కర్తృత్వం ఎవరికి, ఎలా దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జయంతి, వర్ధంతి, ఆరాధన, కర్తృత్వం, తిథి, తేదీ

1. ఒక మాట, రెండు అర్థాలు

మైసూరు చాముండి కొండ మీద ఏటా ఆషాఢమాసంలో అమ్మవారి వర్ధంతి జరుగుతుంది. తెలుగువారు ఆ మాట వింటే ఉలిక్కిపడతారు. అక్కడ వర్ధంతి అంటే పుట్టినరోజు. మైసూరు రాజుల జన్మదినాన్నీ వర్ధంతి అనే పిలిచారు. వృద్ధి చెందడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చిన మాట కాబట్టి ఆ వాడుకలో వింతేమీ లేదు. అదే మాట తెలుగులో పోయినరోజుకు స్థిరపడింది. ‘జయంతి’ కథా ఇలాంటిదే. శ్రావణ బహుళ అష్టమి రోహిణీ నక్షత్రంతో కలిసిన యోగానికి ధర్మశాస్త్రాలు పెట్టిన పేరది. కృష్ణుడి పుట్టుకకు సంబంధించిన ఆ మాట ఇప్పుడు ఏ మహనీయుడి పుట్టినరోజుకైనా చెల్లుతోంది.

ఈ మాటలు ఎప్పుడు, ఎక్కడ వాడతామన్నదీ గమనించాలి. ఇంట్లో జరిగేది ఆబ్దికం, మఠంలో జరిగేది ఆరాధన, సభలో జరిగేది వర్ధంతి. ఆబ్దికానికి కర్త కొడుకు. ఆరాధనకు కర్తలు శిష్యులు. మరి వర్ధంతి సభకు? అక్కడ ముందుగా నిర్ణయమైన కర్త లేడు. ఎవరు పూనుకుంటే వారే. అందుకే ఆ స్థానం కోసం పోటీ ఉంటుంది. కొన్నిసార్లు అది ఖాళీగానూ ఉండిపోతుంది. ఈ వ్యాసంలోని మూడు ఉదాహరణలూ ఈ మూడు స్థితులవి: ఒకచోట కర్తృత్వం కోసం తగవు, ఒకచోట ఖాళీ, ఒకచోట జనం తమంతట తాము తీసుకున్న అధికారం.

2. తిరువయ్యారు: పంచమి నాటి తగవు

త్యాగరాజు 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు, తిరువయ్యారులో సిద్ధి పొందారు. అంతకు కొద్దిముందే సన్యాసం తీసుకున్నారు. సన్యాసికి ఆబ్దికం పెట్టరు, ఆరాధన చేస్తారు. ఆయన ఏకైక కుమార్తె సంతానం కూడా తర్వాతి తరానికి నిలవలేదు. అంటే శాస్త్రం ప్రకారం చూసినా, వంశం ప్రకారం చూసినా ఆ తిథికి ఇంటి కర్త లేడు. ఆ బాధ్యత శిష్యపరంపర మీద పడింది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఉమయాళ్పురం, తిల్లైస్థానం పరంపరల భాగవతులు పాడుబడిన సమాధిని బాగుచేయించి, ఏటేటా ఉత్సవం నిలబెట్టారు. అది నిలదొక్కుకునేలోపే రెండుగా చీలింది. ‘పెరియ కట్చి’, ‘చిన్న కట్చి’ అని తమిళంలో పేర్లు పడిన ఆ రెండు వర్గాలూ ఒకే గురువుకు వేరువేరు పందిళ్లు వేశాయి. ఒక్క విషయంలో మాత్రం రెంటిదీ ఒకే మాట: సమాధి ఎదుట ఆడవాళ్లు పాడకూడదు.

ఆ సమాధికి గుడి కట్టించింది మాత్రం ఒక స్త్రీ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) మద్రాసులో పేరున్న గాయని. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో తిరిగి అచ్చువేయించి, నిషేధాన్ని ఎదుర్కొన్న పండితురాలిగా ఆమె తెలుగు సాహిత్యానికీ పరిచితురాలే. సమాధి దుస్థితి తెలిసి సొంత సొమ్ము వెచ్చించి స్థలం సంపాదించారు. 1921లో పని మొదలుపెట్టి, 1926లో విగ్రహప్రతిష్ఠ చేయించారు. తాను కట్టించిన గుడి ముందు తానే పాడటానికి వీల్లేదన్నప్పుడు మరికొందరు గాయనులను కూడగట్టి వేరే ఉత్సవం మొదలుపెట్టారు. దానికి ‘పెణ్గళ్ కట్చి’, అంటే ఆడవాళ్ల పక్షం అని పేరు వచ్చింది. 1940–41 ప్రాంతంలో మూడు పక్షాలూ ఒక్కటయ్యాయి. ఈనాడు ఆరాధనకు గుర్తుగా నిలిచిన ఘనరాగ పంచరత్నాల బృందగానం స్థిరపడింది కూడా ఆ దశకంలోనే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ అయిదు కృతులను స్త్రీ పురుషులు కలిసి కూర్చుని పాడుతున్నారు.

ఈ చరిత్రను రాజీ కథగా చెప్పడం పరిపాటి. నిజానికి ఇది కర్తృత్వం చేతులు మారిన కథ. ఆబ్దికానికి ఆడది కర్త కాకూడదని నమ్మే సమాజంలో నాగరత్నమ్మ ఒక మహాపురుషుడి తిథికి కర్త అయ్యారు. తగవు లేకపోయుంటే ఆరాధన రెండు భాగవత కుటుంబాల ఉత్సవంగానే మిగిలేది. తగవే దాన్ని అందరి పండుగను చేసింది.

తిథి ఏటా తేదీ మారుతుంది. 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చింది. తిరువయ్యారులో తిథిదే పెత్తనం. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో 1978లో మొదలైన త్యాగరాజ ఉత్సవం మాత్రం ఈస్టర్ సెలవుల సమయంలో జరుగుతుంది. జనవరి మంచులో, పనిదినాల్లో కుదరని పంచమిని అక్కడివారు వసంతానికి జరుపుకున్నారు. కర్త మారితే పంచాంగం కూడా మారుతుందనడానికి ఇదొక నిదర్శనం.

3. ఆగస్టు 29: కర్త లేని రోజు

ధ్యాన్‌చంద్ 1905 ఆగస్టు 29న అలహాబాదులో పుట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలస్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లలో హాకీ స్వర్ణాలు గెలిచిన జట్లలో ఆయన ఉన్నారు. 1936 ఆగస్టు 15న బెర్లిన్ ఫైనల్లో భారత్ 8–1 తేడాతో జర్మనీని ఓడించింది. 2012 నుంచి ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడాదినోత్సవం.

ఆ రోజుకు బరువునిచ్చింది రాష్ట్రపతి భవన్‌లో జరిగే క్రీడా పురస్కారాల ప్రదానం. 2016లో పి.వి. సింధు ఖేల్‌రత్న అందుకున్నది ఆగస్టు 29నే. తర్వాత ఆ ముడి సడలింది. 2021 పురస్కారాలు నవంబరు 13న, 2022వి నవంబరు 30న ఇచ్చారు. 2023వి 2024 జనవరికి, 2024వి 2025 జనవరికి జరిగిపోయాయి. విచిత్రమేమిటంటే, అత్యున్నత పురస్కారానికి ధ్యాన్‌చంద్ పేరు పెట్టింది 2021 ఆగస్టులో. పురస్కారం మీదికి ఆయన పేరు ఎక్కిన ఏడాదే అది ఆయన రోజును వదిలి వెళ్లింది. తేదీ జరిగినందుకు హాకీ లోకం వీధికెక్కలేదు. ఫిట్ ఇండియా ఉద్యమం 2019లో ఇదే రోజున మొదలైంది. హాకీ మాంత్రికుడి జయంతి క్రమంగా వ్యాయామ ప్రతిజ్ఞల రోజుగా మారుతోంది.

తెలుగునేలపై ఈ తేదీకి మరో హక్కుదారు ఉన్నారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అది తెలుగు భాషా దినోత్సవం. అంటే ఒకే ఉదయం బడిలో రెండు పటాలకు దండలు వేయాలి. తెలంగాణ తన భాషా దినోత్సవాన్ని కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9కి మార్చుకుంది. ఉత్తర్వుతో వచ్చిన రోజు ఉత్తర్వుతోనే మారుతుంది.

ధ్యాన్‌చంద్ 1979 డిసెంబరు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఆ తేదీకి అధికారిక గుర్తింపు లేదు. పుట్టినరోజు గర్వపడటానికి అనువైనది. రిటైరైన ఆటగాడిని దేశం ఎలా చూసుకుందని పోయినరోజు అడుగుతుంది. ఆ ప్రశ్న అడగాల్సినవాళ్లు ఈ రోజును తమదని పట్టుకోలేదు. ప్రభుత్వం ఇక్కడ పురోహితుడి పాత్రలో ఉంది. పురోహితుడు తంతు నడిపించగలడు, కర్త కాలేడు.

4. ఏప్రిల్ 14, డిసెంబరు 6: జనం చేతిలో రోజు

అంబేద్కర్ జయంతి మొదట జరిపింది ప్రభుత్వం కాదు. 1928లో పుణెలో జనార్దన సదాశివ రణపిసే అనే అనుయాయి పూనుకుని జరిపారు. అప్పటికి అంబేద్కర్ వయసు 37. జనం దశాబ్దాలపాటు నిలబెట్టిన రోజును ప్రభుత్వాలు తర్వాత స్వీకరించాయి.

మాటల విషయంలోనూ ఈ జనం అరువు తెచ్చుకోలేదు. 1956 డిసెంబరు 6ను వర్ధంతి అనకుండా మహాపరినిర్వాణ దినం అన్నారు. పంచాంగాన్నీ తమ అవసరం ప్రకారమే ఎంచుకున్నారు. పుట్టిన, పోయిన రోజులకు ఇంగ్లిషు తేదీలు సరిపోయాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో జరిగిన బౌద్ధ దీక్షకు మాత్రం తిథిని వదల్లేదు. ఆ రోజు విజయదశమి కాబట్టి ఏటా దీక్షాభూమికి జనం విజయదశమికే చేరతారు. తిథి సంప్రదాయానిది, తేదీ ఆధునికతది అన్న సులభమైన విభజన ఇక్కడ నిలవదు.

జయంతి సంఖ్య రాయిగానూ మారింది. 2016 ఏప్రిల్ 14న, 125వ జయంతి నాడు, హైదరాబాదులో 125 అడుగుల విగ్రహానికి శంకుస్థాపన చేశారు. ఆవిష్కరణ 2023 ఏప్రిల్ 14న. విజయవాడ స్వరాజ్య మైదానంలో అంతే ఎత్తు విగ్రహం 2024 జనవరి 19న వెలిసింది. అయితే ప్రభుత్వ విగ్రహం ఎత్తు ఊళ్లో విగ్రహం హక్కును నిర్ణయించదు. విగ్రహం ఏ కూడలిలో నిలవాలి, ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలి అన్న తగవులు పల్లెల్లో తీరలేదు. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడంపై 2022 మే 24న అమలాపురంలో జరిగిన హింస ఆ తగవు ఎంత లోతైనదో చూపింది. శతజయంతి సంవత్సరం ముగిసి నాలుగు నెలలు నిండకముందే, 1991 ఆగస్టు 6న, చుండూరులో దళితులను ఊచకోత కోశారు. మృతులను పూడ్చిన చోటు రక్తక్షేత్రమైంది, ఆ తేదీ మరో స్మృతిదినమైంది. శతజయంతి సభల్లో చెప్పిన మాటలకు లెక్క అడిగే రోజు అది.

స్మృతిదినం ఎలా జరపాలో అంబేద్కరే చేసి చూపారు. 1943 జనవరి 18న, మహాదేవ గోవింద రానడే 101వ జయంతికి పుణెలో ఆయన ప్రసంగించారు. రానడే ఘనతను ఒప్పుకుంటూనే వీరపూజను రెండుగా విడదీశారు. గొప్పతనాన్ని గౌరవించడం ఒకటి, బుద్ధిని అప్పగించి వెంట నడవడం ఇంకొకటి. రెండోది ప్రమాదమన్నారు. జయంతి సభలోనే జయంతులపై విమర్శ చేశారు. పటానికి దండవేసే ఏ కర్తకైనా ఇది వర్తిస్తుంది, అంబేద్కర్ పటానికి వేసేవారితో సహా.

5. ముగింపు

మూడు ఉదాహరణల నుంచి తేలేవి రెండు. మొదటిది, తిథా తేదీనా, పుట్టినరోజా పోయినరోజా అన్న ఎంపిక ఆచారం వల్ల కంటే కర్త అవసరం వల్ల జరుగుతుంది. రెండోది, రోజు నిలవడానికి ఉత్తర్వు చాలదు. దాని మీద ఎవరికో తీరని దావా ఉండాలి. తిరువయ్యారులో ఆ దావా గాయనులది, ఏప్రిల్ 14న అది వాడలది. ఆగస్టు 29కి పేరుంది, ఉత్తర్వుంది. దావా వేసే ఆటగాళ్లు ఇంకా ముందుకు రాలేదు.

నాగరత్నమ్మ సమాధి త్యాగరాజ సమాధికి ఎదురుగానే ఉంది. ఒకప్పుడు ఆమెను పాడనివ్వని చోట, ఇప్పుడు పంచమి నాడు వినిపించే గొంతుల్లో ఆడగొంతులూ ఉన్నాయి.