విభజన, పంపకం, శేషం

‘విభజన’ అనే ఒక్క మాటతో మనం పలు భిన్నమైన పనులను సూచిస్తున్నాం. గణితంలో అది భాగహారం. కుటుంబంలో దాయవిభాగం, అనగా భాగపంపకాలు. పరిపాలనలో సరిహద్దుల నిర్ణయం. పంచుకొన్న వస్తువు ఇద్దరికీ దక్కుతుంది. చీల్చిన వస్తువు ముక్కలవుతుంది. పంచదగినదేది, పంచరానిదేది అన్న విచారణ మన పూర్వులు ఏనాడో చేశారు.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు ‘మితాక్షర’ రచించాడు. పదమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనిగించాడు. మితాక్షర ప్రకారం తండ్రి ఆస్తిలో కుమారునికి పుట్టుకతోనే హక్కు ఉంది. అయినను అన్నిటినీ పంచుకోరాదు. బావిని ముక్కలు చేయలేరు గనుక అన్నదమ్ములు వంతులవారీగా వాడుకోవాలి. పిత్రార్జితానికి లోటు కలుగకుండా విద్యవలన ఆర్జించిన ధనం కూడా విభాగానికి రాదు.

ఆధునిక కాలంలో ఈ విచారణకు బళ్లారి చక్కని ఉదాహరణ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని ఆ జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చేరాయి. వివాదాస్పదమైన బళ్లారి తాలూకా, జస్టిస్ మిశ్రా నివేదిక అనంతరం, తక్కిన తాలూకాలతో పాటు మైసూరుకు చెందింది. బళ్లారిని ఆంధ్రకు ఇవ్వవలెనని 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం సూచించినా, 1956లో ఆ సూచన అమలు కాలేదు.

భూమి ఇట్లు చీలింది. తుంగభద్ర జలాశయాన్ని మాత్రం చీల్చలేకపోయారు. దాని నీటిని కాలువల ద్వారా పంచడానికి 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం ప్రకారమే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. పూర్వుల బావి న్యాయమే ఇక్కడా నిలిచింది.

మరి భాష? భాగహారంలో విభాజ్యం, భాజకం, లబ్ధం, శేషం అని నాలుగు పదాలు చెబుతాం. రాష్ట్రాల భాగహారంలోనూ శేషం మిగిలింది. బళ్లారిలో తెలుగువారు, రాయదుర్గంలో కన్నడిగులు అట్టివారే. 1936లో ఒడిశా ఏర్పడి బరంపురం అందులో చేరినప్పుడు, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళినప్పుడు కూడా ఇదే జరిగింది.

శేషాన్ని వదలివేస్తే లెక్క తప్పుతుందని మనమే పిల్లలకు నేర్పుతాం. రాజ్యాంగం కూడా వదలలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయవలెనని ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. ‘ప్రయత్నం’ అన్న మాటలోనే దాని బలహీనత ఉంది. తరగతిలో పిల్లలు లేనిచోట ఆ ప్రయత్నాన్ని ఎవరు కోరగలరు?

కావున తల్లిదండ్రులారా, ఉన్న రాష్ట్రపు భాషను పిల్లలకు శ్రద్ధగా నేర్పించండి. అది మన కర్తవ్యం. దానికోసం తెలుగును మానిపించనక్కరలేదు. ఒక భాషకు ఇచ్చిన పాలు మరొక భాషకు తరుగు కాదు. విద్య పంచరానిదని పెద్దలు ఆస్తి తగవులలో చెప్పారు. పిల్లల విషయంలో అది పంచినకొద్దీ పెరిగేదే.