వేదికనెక్కిన లాప్‌టాప్: వ్యవధి, పోర్టుల చరిత్ర

సంగీత ప్రదర్శనలోను, స్టూడియో గోడలు దాటి చేసే ధ్వనిముద్రణలోను లాప్‌టాప్ చోటు సంపాదించుకున్న క్రమాన్ని ప్రాసెసర్ల వేగం ఏటేటా పెరిగిన కథగా చెప్పడం పరిపాటి. అయితే సంగీతకారులు ఏ యంత్రాన్ని కొన్నారు, దేనిని వద్దనుకున్నారు అన్నది గమనిస్తే, వారి ఎంపికను శాసించినవి వేగం కంటె చిన్నవిగా కనిపించే రెండు అంశాలని తెలుస్తుంది: మీట నొక్కిన క్షణానికి, స్వరం వినిపించిన క్షణానికి మధ్య గడిచే వ్యవధి ఒకటి, తీగలు తగిలించుకోవడానికి యంత్రం పక్కన ఏ రకం పోర్టు ఉన్నదన్నది రెండవది. ఉత్తరాలు రాసుకోవడానికి, జమాఖర్చులు చూసుకోవడానికి రూపొందిన ఈ యంత్రం ఆ రెండు విషయాలలోను సంగీతానికి అనువుగా పుట్టలేదు. దానిని అనువుగా మలచినవారిలో కంప్యూటర్ నిర్మాతల కంటె సాఫ్ట్‌వేర్ రాసినవారు, అనుబంధ పరికరాలు చేసినవారు, వాటిని శ్రోతల ఎదుట పరీక్షకు పెట్టిన వాద్యకారులే ఎక్కువ.

తొలి దశలో కంప్యూటర్ సంగీతాన్ని లెక్కకట్టేదే తప్ప వాయించేది కాదు. 1957లో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రామ్ సాయంతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల సంగీతాన్ని అంకెలలో సిద్ధం చేసినప్పుడు, ఆ అంకెలను టేపు మీదికి ఎక్కించి, వాటిని ధ్వనిగా మార్చే మరొక పరికరం వద్దకు చేర్చిన తరువాతనే వినడానికి వీలయింది. కంప్యూటర్‌ను చేతపట్టుకుపోయి కచేరీ చేయవచ్చునన్న ఆలోచన 1970ల చివర కాలిఫోర్నియాలో ఆచరణలోకి వచ్చింది. లీగ్ ఆఫ్ ఆటోమేటిక్ మ్యూజిక్ కంపోజర్స్ అనే బృందంలోని జిమ్ హోర్టన్, జాన్ బిషఫ్, రిచ్ గోల్డ్ తదితరులు, సుమారు ఒక కిలోబైటు మెమరీ గల కిమ్-1 అనే సర్క్యూట్ బోర్డులను బల్లమీద పరచి, తీగలతో కలిపి, ఒకదాని స్వరాలకు మరొకటి ప్రతిస్పందించేటట్లు అమర్చి ప్రదర్శనలిచ్చారు. లాప్‌టాప్ సంగీతానికి ఆద్యులు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు ఖరీదైన ప్రయోగశాలల పేర్లు చెప్పడం కంటె వీరిని ముందు చెప్పడమే న్యాయం.

1983లో వాడుకలోకి వచ్చిన మిడి అనే ఒప్పందం ఈ దారిని విశాలం చేసింది. వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు పరస్పరం మాట్లాడుకోవడానికి ఏర్పడిన ఈ పద్ధతిలో తీగ గుండా ధ్వని ప్రయాణించదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న ఆదేశాలు మాత్రమే సెకనుకు 31,250 బిట్ల వేగంతో ప్రయాణిస్తాయి. ఒక స్వరానికి సంబంధించిన ఆదేశం చేరడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యోవంతు, చాలు కాబట్టి ఆనాటి బలహీనమైన యంత్రాలు కూడా ఈ పనికి సరిపోయాయి. 1985లో వచ్చిన అటారి ఎస్‌టీ కంప్యూటర్‌కు మిడి పోర్టులు పుట్టుకతోనే ఉండడం వల్ల, వేరే పరికరం కొనవలసిన అవసరం లేక, యూరప్ స్టూడియోలు దానిని విరివిగా ఆదరించాయి. హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో విడుదల చేసిన క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ మొదట ఈ యంత్రం కోసం రాసినదే. ఒడిలో పెట్టుకోదగిన సంగీత యంత్రాలు కూడా ఆ రోజులలోనే వెలువడ్డాయి. యమహా 1987లో మిడి పోర్టులు గల సీ1 అనే లాప్‌టాప్‌ను తెచ్చింది. అటారి 1989లో స్టేసీ అనే నమూనాను తెచ్చింది గాని, డజను బ్యాటరీలు వేసినా అది పావుగంట మించి పనిచేయకపోవడంతో గోడలోని ప్లగ్గును వదిలి ఎక్కడికీ పోలేకపోయింది. మిడి పోర్టులతో వచ్చిన ఈ ఒడి యంత్రాలు నిలవలేదు. అమ్మకాల సంఖ్య తక్కువైనప్పుడు ధర తగ్గదు, తరువాతి నమూనా రాదు. అందువల్ల సంగీతకారులు చివరకు అందరికోసం తయారైన యంత్రంతోనే సర్దుకోవలసి వచ్చింది.

సంచార ధ్వనిముద్రణకు మాత్రం కంప్యూటర్ కంటె చాలా పాత చరిత్ర ఉంది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలను మైనపు పలకల మీద ముద్రించినప్పుడు, రికార్డులు తయారు కావడానికి ఆ పలకలు జర్మనీలోని హానోవర్‌కు ప్రయాణం చేశాయి. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలన్ అమెరికా దక్షిణ రాష్ట్రాలలో జానపద గీతాలు సేకరించడానికి కారు వెనుక భాగంలో ఇరికించిన ముద్రణ యంత్రం బరువు 315 పౌండ్లు, అంటే దాదాపు 143 కిలోలు. స్టెఫాన్ కుడెల్‌స్కీ 1950లలో స్విట్జర్లండ్‌లో రూపొందించిన నాగ్రా టేపు రికార్డరు ఆ బరువును భుజాన వేసుకోదగినంతకు తగ్గించింది. కాని అనేక వాద్యాలను విడివిడి ట్రాకులలో, అంటే తరువాత ఒక్కొక్కదానిని వేరుగా సవరించుకోవడానికి వీలైన వరుసలలో, ముద్రించాలంటే లారీయే దిక్కు. 1968లో రోలింగ్ స్టోన్స్ బృందం కట్టించుకున్న సంచార స్టూడియో అటువంటిదే.

ఆ లారీలోని సామగ్రి సంచిలోకి రావడానికి ధ్వని స్వయంగా కంప్యూటర్‌లోకి ప్రవేశించవలసి వచ్చింది. ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను అంకెగా దాచుకోవడం సీడీల నాటి నుంచి స్థిరపడిన పద్ధతి. ఈ కొలతలనే సాంపిళ్లు అంటారు. 1991లో వచ్చిన ప్రో టూల్స్ వంటి ధ్వనిముద్రణ వ్యవస్థలలో ఈ అంకెలను పరిష్కరించే భారాన్ని మోసే ప్రత్యేక కార్డులు బల్లమీది పెద్ద కంప్యూటర్‌లో మాత్రమే పట్టేవి. 1996లో స్టైన్‌బర్గ్ ప్రవేశపెట్టిన వీఎస్‌టీ పద్ధతి ప్రతిధ్వని మొదలైన మార్పులను కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్ చేతనే చేయించగా, మరుసటి ఏడు అదే సంస్థ తెచ్చిన ఆసియో డ్రైవరు ధ్వనికి ఆపరేటింగ్ సిస్టమ్ పొరలను తప్పించి దగ్గర దారి చూపింది. డ్రైవరు అంటే కంప్యూటర్‌కు, దానికి తగిలించిన పరికరానికి మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రాము.

ఈ దగ్గర దారి విలువ తెలియాలంటే బఫర్ సంగతి తెలియాలి. ప్రాసెసర్ ఒక్కొక్క సాంపిల్‌ను వచ్చినది వచ్చినట్లు చూడలేదు. కొన్నింటిని కూడబెట్టి, ఆ కట్టను ఒకేసారి పరిష్కరిస్తుంది. ఈ కూడబెట్టే చోటే బఫర్. కట్టలో 256 సాంపిళ్లు ఉంటే అది నిండడానికి 5.8 మిల్లీసెకన్లు, 1,024 ఉంటే 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి రావడానికి ఒకసారి, బయటికి పోవడానికి ఒకసారి కాబట్టి మొత్తం వ్యవధి రెట్టింపు దాటుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, కర్ణాటక కచేరీలో గాయకునికి రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మృదంగ విద్వాంసుని దెబ్బ గాయకుని చెవిని చేరడానికి కూడా దాదాపు ఆ 5.8 మిల్లీసెకన్లే పడుతుంది. అంతవరకు మనిషి చెవి సులువుగా సర్దుకుంటుంది. వ్యవధి నలభై, యాభై మిల్లీసెకన్లకు పెరిగినప్పుడు వాద్యకారుడు తన దెబ్బకు తానే వెనుకబడి లయ జారుతుంది. బఫర్‌ను మరీ తగ్గిస్తే ప్రాసెసర్ సకాలంలో కట్ట ముగించలేక శబ్దం చిటపటలాడి తెగుతుంది. వేగవంతమైన ప్రాసెసర్ గల లాప్‌టాప్ కూడా వై-ఫై కార్డు డ్రైవరు కొద్ది మిల్లీసెకన్లు అడ్డుపడితే చాలు తడబడేది కాబట్టి, ప్రదర్శనకు ముందు వై-ఫైని ఆపివేయడం సంగీతకారులలో నియమంగా స్థిరపడింది. సగటు వేగాన్ని చాటే ప్రకటనలు ఇటువంటి ఆటంకాన్ని కొనుగోలుదారుకు ఎన్నడూ తెలియజెప్పలేదు.

పోర్టుల కథ ఇంతకంటె ఒడుదొడుకులతో నడిచింది. లాప్‌టాప్‌లోని హెడ్‌ఫోన్ రంధ్రం నాణ్యత చాలక, మైకులను నేరుగా తగిలించే వీలూ లేక, ధ్వనిని అంకెలుగాను, అంకెలను ధ్వనిగాను మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే విడి పెట్టె అవసరమయింది. మొదటి తరం యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్లకు పరిమితం కావడంతో కొద్ది ట్రాకులకే సరిపోయేది. 400 మెగాబిట్ల ఫైర్‌వైర్ పోర్టు 2000లో ఆపిల్ పవర్‌బుక్‌కు వచ్చాక, మరుసటి ఏడు మోటు సంస్థ 828 అనే ఎనిమిది ఎనలాగ్ ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌ను విడుదల చేసింది. ఒక బృందమంతటినీ విడివిడి ట్రాకులలో ముద్రించగల సామగ్రి సంచిలో ఇమిడింది. అప్పటి నుంచి లాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్ కంటె ముందు ఫైర్‌వైర్ చిప్ ఎవరిదని అడిగేవారు, ఎందుకంటే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లతో ఇంటర్‌ఫేస్‌లు కుదురుగా పనిచేస్తాయన్న నమ్మకం బలపడింది. 2008 అక్టోబరులో ఆపిల్ కొత్త అల్యూమినియం మాక్‌బుక్ నుంచి ఫైర్‌వైర్‌ను తొలగించినప్పుడు సంగీతకారులు, వీడియో పనివారు గట్టిగా అభ్యంతరం తెలిపారు. 2009 జూన్‌లో ఆ 13 అంగుళాల యంత్రం మాక్‌బుక్ ప్రో పేరుతో ఫైర్‌వైర్‌ను తిరిగి పొందింది.

ఇంతలో ప్రదర్శన స్వరూపమూ మారింది. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మిల్లర్ పకెట్ రూపొందించి, మాథ్యూస్ గౌరవార్థం మాక్స్ అని పేరుపెట్టిన సాఫ్ట్‌వేర్‌కు 1997లో ధ్వనిని కూడా పరిష్కరించే ఎంఎస్‌పీ భాగం చేరడంతో, పవర్‌బుక్ ఒక్కటే వాద్యంగా కూర్చుని చేసే కచేరీలు యూరప్‌లో పెరిగాయి. బెర్లిన్‌లో గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకే తదితరుల కృషి నుంచి 2001లో వెలువడిన ఏబుల్‌టన్ లైవ్, ముందే ముద్రించిన ధ్వని ఖండాలను శ్రుతి మారకుండా లయకు తగినట్లు సాగదీసి, ప్రదర్శన ఆగకుండా వరుస మార్చుకునే వీలు కల్పించింది. తెర వెనుక కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో శ్రోతకు కనబడదన్న విమర్శ సహేతుకమైనదే. దానికి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 2005లో డాన్ ట్రూమన్, పెర్రీ కుక్ నెలకొల్పిన లాప్‌టాప్ వాద్యబృందం ఇచ్చిన సమాధానం ఆలోచింపజేస్తుంది: ప్రతి వాద్యకారుని పక్కన అర్ధగోళాకారపు స్పీకరును ఉంచి, ధ్వని అతడు కూర్చున్న చోటి నుంచే పుట్టేటట్లు చేశారు.

ధ్వనిముద్రణలో మరొక ఇబ్బంది ఫ్యాను. మైకున్న గదిలోనే లాప్‌టాప్ ఉన్నప్పుడు, మెల్లగా మీటిన వీణ తీగతో పాటు ఫ్యాను రొద కూడా ముద్రితమయ్యేది. తిరుగుతూ శబ్దం చేసే పలకల హార్డ్ డిస్కుల స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు రావడం, 2020 నవంబరులో ఎం1 అనే కొత్త రకం ప్రాసెసర్‌తో ఫ్యాను లేని మాక్‌బుక్ ఎయిర్ రావడం ఆ గదిని నిశ్శబ్దం చేశాయి. అయినా ప్రాసెసర్ రకం మారడం వల్ల ప్లగ్-ఇన్లను, అంటే వీఎస్‌టీ వంటి పద్ధతులలో ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రాములను, డ్రైవర్లను తిరిగి సిద్ధం చేయవలసి రాగా, తమ ఇంటర్‌ఫేస్ తయారీదారు కొత్త డ్రైవరు విడుదల చేసేదాకా అనేకులు పాత యంత్రాలతోనే ప్రదర్శనలు, ముద్రణలు కొనసాగించారు.