వారసత్వమా, పునరాగమనమా? – ‘ఫ్లాష్’ చిత్రకథల్లో నాయకుడి మార్పు (1940–2021)

వ్యాససంగ్రహం

దశాబ్దాలుగా కొనసాగుతున్న సూపర్‌హీరోను తప్పించి, అదే పేరుతో మరొకరిని ఆ స్థానంలో నిలపడం సమంజసమా అన్నది అమెరికన్ చిత్రకథల్లో ఎడతెగని వివాదం. డీసీ కామిక్స్ ప్రచురించిన ‘ఫ్లాష్’ కథల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. వారసుడిని నిలబెట్టడమంటే కథలో కాలం కదలడానికి అంగీకరించడమేనని, పాత నాయకుడి పునరాగమనం ఆ అంగీకారాన్ని ఉపసంహరించుకోవడమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిత్రకథ, సూపర్‌హీరో, వారసత్వం, కథాకాలం, ఫ్లాష్, ఫాంటమ్.

ప్రవేశిక

నవలకు ముగింపు రాసే హక్కు రచయితది. అమెరికన్ సూపర్‌హీరో చిత్రకథలో ఆ హక్కు ఎవరిదీ కాదు. పాత్ర ప్రచురణ సంస్థ ఆస్తి. రచయితలు, చిత్రకారులు కొంతకాలం పనిచేసి వెళ్లిపోతారు. పాత్ర మాత్రం సంస్థ దగ్గరే ఉండిపోతుంది. 1938లో సూపర్‌మాన్, 1939లో బాట్‌మాన్ వెలువడ్డారు. నాడు పదేళ్ల వయసులో వారి కథలు చదివిన పాఠకులు తాతలయ్యారు. నాయకులు మాత్రం ముప్పై దాటినట్లు కనిపించరు.

ఈ వింత స్థితిని ఇటలీ పండితుడు ఉంబెర్తో ఎకో 1962లో సూపర్‌మాన్‌పై రాసిన వ్యాసంలో విశ్లేషించాడు. పురాణ నాయకుడి కథ ముందే పూర్తయి ఉంటుంది. శ్రోతకు అది తెలుసు. నవలా నాయకుడు మారుతూ ఉంటాడు. అతడు చేసే ప్రతి పనీ అతణ్ణి ఒక అడుగు మరణానికి చేరువ చేస్తుంది. సూపర్‌మాన్ ఏకకాలంలో ఈ రెండూ కావాలి. అందుకే ఆ కథల్లో ‘ముందు’, ‘తర్వాత’ అన్న భేదం మసకబారి, కాలం ఒక కలలోలాగా నిలిచిపోతుందని ఎకో వాదన సారాంశం. ఎకో పరిశీలించినది ఒక్క నాయకుడే శాశ్వతంగా నిలిచే కథను. పేరు శాశ్వతంగా ఉంటూ, దానిని ధరించే మనిషి మాత్రం మారే కథకు ఈ విశ్లేషణను అన్వయిస్తే ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. పేరు పురాణంలో ఉంటుంది, మనిషి నవలలో ఉంటాడు.

గతానికే పరిమితమైన వారసత్వం

ఈ మార్గం కొత్తది కాదు. లీ ఫాక్ 1936 ఫిబ్రవరి 17న దినపత్రికల్లో ప్రారంభించిన ‘ఫాంటమ్’ కథకు వారసత్వమే పునాది. 1536లో సముద్రదొంగల చేతిలో తండ్రిని కోల్పోయిన ఒక యువకుడు పుర్రె మీద ప్రమాణం చేసి దుష్టశిక్షణకు పూనుకుంటాడు. తండ్రి తర్వాత కొడుకు అదే ముసుగు ధరిస్తాడు. లోకం మాత్రం అతడు చావులేని ఒకే వ్యక్తి అనుకుంటుంది. 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇంద్రజాల్ కామిక్స్‌ను ప్రారంభించినప్పుడు తొలి సంచికల్లో ప్రచురించినది ఈ కథలనే. హిందీలో అతడు వేతాళుడయ్యాడు. నడిచే దయ్యమని పిలిపించుకొనే నాయకుడికి అంతకన్న తగిన పేరు దొరకడం కష్టం.

అయితే పాఠకుడు ఎరిగిన ఫాంటమ్ 21వ వాడు. మొదటి ఇరవై మంది గుహలోని సమాధుల్లోనూ, పూర్వీకులు రాసిన దినచర్య గ్రంథాల్లోనూ ఉంటారు. 21వ ఫాంటమ్‌కు 1977లో వివాహమైంది. తర్వాత కవలలు పుట్టారు. అయినా ప్రధాన ధారావాహికలో 22వ ఫాంటమ్ ముసుగు ధరించలేదు. వారసత్వం మీదే నిర్మితమైన కథ కూడా దానిని గతకాలపు విషయంగానే అనుమతించింది. పాఠకుడి కళ్లముందు, వర్తమానంలో ముసుగు చేతులు మారాలంటే ప్రచురణ సంస్థకు మరో రకమైన తెగువ అవసరం. ఆ తెగువ ఎక్కువకాలం కనబడినది ఫ్లాష్ కథల్లోనే.

పాఠకుడే వారసుడు

మొదటి ఫ్లాష్ పేరు జే గారిక్. గార్డ్నర్ ఫాక్స్ రచన, హ్యారీ లాంపర్ట్ చిత్రాలతో 1940 జనవరి తేదీ వేసిన ‘ఫ్లాష్ కామిక్స్’ తొలి సంచికలో అతడు వెలువడ్డాడు. యుద్ధానంతరం సూపర్‌హీరోలపై ఆసక్తి తగ్గిపోగా, 1949లో 104వ సంచికతో ఆ పత్రిక ఆగిపోయింది. ఏడేళ్ల తర్వాత సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఆ పేరును మళ్లీ పైకి తీశాడు. ‘షోకేస్’ నాలుగవ సంచికలో (1956) రాబర్ట్ కానిగర్ రాసి, కార్మైన్ ఇన్ఫాంటినో గీసిన కథలో బ్యారీ ఆలెన్ అనే పోలీసు శాస్త్రజ్ఞుడు పిడుగుపాటుతో వేగశక్తి పొందుతాడు.

ఈ కథలో ఒక చిన్న వివరం ఉంది. బ్యారీ చేతిలో జే గారిక్ బొమ్మ ఉన్న పాత ఫ్లాష్ సంచిక ఉంటుంది. తన అభిమాన కథానాయకుడి పేరునే అతడు తనకు పెట్టుకుంటాడు. అంటే ఈ పరంపరలో మొదటి వారసుడు రక్తసంబంధీకుడు కాడు, శిష్యుడు కూడా కాడు, పాఠకుడు. సంస్థ కూడా ఈ బంధాన్ని అంకెల్లో ధ్రువీకరించింది. 1959లో బ్యారీకి సొంత పత్రిక ఇచ్చినప్పుడు దానికి ఒకటవ సంచిక అన్న అంకె వేయలేదు. ఆగిపోయిన చోటి నుంచే లెక్క కొనసాగించి 105 అని వేశారు. పాత అంకె కొనసాగితే అమ్మకాలకు మేలన్న లెక్క కూడా అందులో ఉండే ఉంటుంది. ఉద్దేశం ఏదైనా ఫలితం వారసత్వమే.

1961 సెప్టెంబరు నాటి 123వ సంచికలో ఇద్దరు ఫ్లాష్‌లూ కలుసుకుంటారు. జే గారిక్ మరో భూమిపై నిజంగానే జీవిస్తున్నాడని, అతడి సాహసాలనే ఈ భూమి మీది చిత్రకథా రచయిత కలల్లో చూసి రాశాడని ఫాక్స్ కల్పించాడు. పాత నాయకుణ్ణి చంపకుండా, అవమానించకుండా పక్కన నిలబెట్టడానికి దొరికిన ఈ ఉపాయం భారతీయ పాఠకుడికి కొత్తగా తోచదు. సీతాకల్యాణానంతరం పరశురాముడి చేతిలోని వైష్ణవ ధనుస్సును రాముడు ఎక్కుపెట్టగా మొదటివాడి తేజస్సు రెండవవాడికి సంక్రమిస్తుంది. పరశురాముడు మహేంద్రగిరికి మరలిపోతాడు. తర్వాత భారతంలో భీష్ముడికి, కర్ణుడికి అస్త్రగురువుగా కనిపిస్తాడే గాని రాముడి స్థానాన్ని తిరిగి అడగడు. జే గారిక్ తర్వాతి కాలంలో నిర్వహించిన పాత్ర దాదాపు ఇదే.

ఇరవై ఆరేళ్ల నిరీక్షణ

110వ సంచికలో బ్యారీ ప్రియురాలు ఐరిస్ మేనల్లుడు వాలీ వెస్ట్ పరిచయమయ్యాడు. అదే రీతి పిడుగు, అవే రసాయనాలు. బాలుడు ‘కిడ్ ఫ్లాష్’ అయ్యాడు. సంభావ్యత దృష్ట్యా ఈ పునరావృత్తి నవ్వు పుట్టిస్తుంది. ఉత్తరాధికారం దృష్ట్యా మాత్రం అది పట్టాభిషేకానికి ముందు జరిగే యౌవరాజ్యం వంటిది. 1985లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌ల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ఎనిమిదవ సంచికలో బ్యారీ లోకాలను కాపాడుతూ పరుగులోనే నశించాడు. 1986లో ముగిసిన ఆ కథ చివరి సంచికలో వాలీ గురువు దుస్తులు ధరించాడు. అప్పటికి పాఠకులకు అతడితో ఇరవై ఆరేళ్ల పరిచయం.

1987లో మైక్ బేరన్ ప్రారంభించిన కొత్త పత్రికలోని వాలీ ఆదర్శమూర్తి కాడు. శస్త్రచికిత్స కోసం ఒక గుండెను దేశం ఆ చివరికి పరుగున చేర్చమని అడిగితే బదులుగా ఆరోగ్యబీమా కోరతాడు. లాటరీలో కోట్లు గెలుస్తాడు, పోగొట్టుకుంటాడు. గురువంత వేగం అతడికి లేదు. ఆకలి మాత్రం విపరీతం. నాటి పాఠకుల్లో కొందరికి ఇది మహానాయకుడి పతనంగా కనిపించి ఉండవచ్చు. కాని దిగువ నుంచి మొదలైనవాడికే ఎదగడానికి చోటుంటుంది.

మార్క్ వేడ్ 1993లో 74 నుంచి 79వ సంచిక వరకు రాసిన ‘ద రిటర్న్ ఆఫ్ బ్యారీ ఆలెన్’ ఈ చర్చకు కీలకం. చనిపోయిన బ్యారీ తిరిగి వస్తాడు. వాలీ పొంగిపోతాడు. క్రమంగా ఆ బ్యారీలో అసూయ, క్రౌర్యం బయటపడతాయి. ఫ్లాష్ అన్న పేరు తనొక్కడిదేనని అతడు పట్టుబడతాడు. చివరికి తేలేదేమంటే, అతడు బ్యారీ కాడు. భవిష్యత్ శతాబ్దంలో బ్యారీని ఆరాధించి, తానే అతడు కావాలన్న కోరిక ముదిరి మతి చలించిన ఇయోబార్డ్ థాన్. అతణ్ణి ఓడించాలంటే వాలీ గురువును మించిన వేగం అందుకోవాలి. ఇన్నాళ్లూ ఆ వేగాన్ని అడ్డుకున్నది తన మనసే. బ్యారీని మించితే బ్యారీ నిజంగా లేడని ఒప్పుకున్నట్లే కదా! వారసుడి ఎదుగుదలను గురుశోకంతో ఇంత సూక్ష్మంగా ముడిపెట్టిన సూపర్‌హీరో కథ మరొకటి చూపడం కష్టం. అసలు నాయకుడే ఉండాలన్న పట్టుదలను ప్రతినాయకుడి లక్షణంగా చిత్రించడం అందులోని వ్యంగ్యం. తొలి వారసుడు పాఠకుడైనట్లే, వారసత్వానికి శత్రువు కూడా పాఠకుడే అయ్యాడు.

ఆ తర్వాత వాలీకి వివాహమైంది. 2005 నాటి 225వ సంచికలో కవలలు పుట్టారు. 1987లో ఇరవయ్యో పుట్టినరోజు జరుపుకొన్న యువకుడు గృహస్థయ్యాడు. ఎకో అసాధ్యమనుకున్న కాలం ఇక్కడ నెమ్మదిగానైనా నడిచింది.

సిద్ధం చేయని వారసులు

ప్రతి మార్పూ ఇలా ఫలించలేదు. 1994లో ‘గ్రీన్ లాంటర్న్’ 48 నుంచి 50వ సంచిక వరకు మూడు సంచికల్లోనే హాల్ జోర్డన్‌ను హంతకుడిగా మార్చి, పాఠకులు అంతకుముందు చూడని కైల్ రేనర్ చేతికి ఉంగరం ఇచ్చారు. పాఠకుల నిరసన కైల్ మీద కన్నా హాల్‌కు జరిగిన అన్యాయం మీదే ఎక్కువగా నిలిచింది. 2004లో హాల్ తిరిగి వచ్చాడు. ఫ్లాష్ పత్రికలోనే 2006లో వాలీని తప్పించి, బ్యారీ మనవడు బార్ట్‌కు ఆ స్థానం ఇచ్చి, 13 సంచికలకే అతణ్ణి చంపేశారు. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన వారసత్వం నిలవదనడానికి ఇదొక ఉదాహరణ. పాఠకుడి సమ్మతిని నేరుగా అడిగిన సందర్భమూ ఒకటుంది: 1988లో రెండవ రాబిన్ జేసన్ టాడ్ బతకాలో లేదో ఫోన్ ద్వారా ఓటు వేయమంటే 5,343 మంది చావాలన్నారు, 5,271 మంది బతకాలన్నారు. 72 ఓట్ల తేడాతో ఒక పాత్ర హతమైంది. దీనిని ప్రజాభిప్రాయం అనడం కన్నా జూదం అనడమే సబబు.

ఈ చర్చకు సామాజిక పార్శ్వం కూడా ఉంది. 1940లలో, 60లలో పుట్టిన ప్రధాన నాయకులు దాదాపు అందరూ శ్వేతజాతి పురుషులే. ప్రసిద్ధమైన పేరుతో ఇతర సమూహాలవారు ప్రవేశించడానికి వారసత్వమే ముఖ్యద్వారం. 2011లో స్పైడర్‌మాన్ అయిన మైల్స్ మొరాలెస్, 2014లో కెప్టెన్ అమెరికా అయిన సామ్ విల్సన్ ఆ ద్వారం నుంచే వచ్చారు. కాబట్టి అసలువాడు తిరిగి వచ్చినప్పుడు ఖాళీ చేయవలసింది ఎవరు అన్న ప్రశ్న కేవలం కథకు సంబంధించినది కాదు. మైల్స్ విషయంలో సంస్థ పీటర్ పార్కర్‌తో పాటు ఇద్దరినీ ఉంచింది. అది రాజీయే, కాని ఎవరినీ చెరిపివేయని రాజీ.

పునరాగమనం, దాని మూల్యం

2008లో బ్యారీ నిజంగానే తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు జెఫ్ జాన్స్ ‘ఫ్లాష్: రీబర్త్’ అతణ్ణి కేంద్రస్థానంలో ప్రతిష్ఠించింది. పునరాగమనాన్ని సమర్థించే వాదం బలహీనమైనది కాదు. పత్రికలు చదవని జనసామాన్యానికి తెలిసిన పేరు బ్యారీయే. కథల్లో వాలీ ఫ్లాష్‌గా ఉన్న 1990లోనే టెలివిజన్ ధారావాహిక బ్యారీ పేరుతో వచ్చింది. అయితే 2001 నాటి ‘జస్టిస్ లీగ్’ యానిమేషన్ ధారావాహికలో ఫ్లాష్ వాలీయే. అక్కడి ప్రేక్షకులు అతణ్ణి కాదనలేదు. వ్యాపారచిహ్నంగా సంస్థకు కావలసింది ‘ఫ్లాష్’ అన్న పేరే తప్ప ముసుగులోని మనిషి కాదు. కనుక వ్యాపార కారణం ఒక్కటే పునరాగమనాన్ని వివరించలేదు. బాల్యంలో చదివిన నాయకుణ్ణి తిరిగి చూడాలన్న తరం కోరికను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూల్యం మూడేళ్లలో తేలింది. 2011లో డీసీ తన కథాప్రపంచాన్ని 52 పత్రికలతో పునరారంభించినప్పుడు బ్యారీ యువకుడయ్యాడు, ఐరిస్‌తో వివాహం రద్దయింది. వాలీ, అతడి భార్య, పిల్లలు కథలో లేకుండా పోయారు. చనిపోలేదు, అసలు పుట్టనే లేదు. చనిపోయిన నాయకుడికి కనీసం స్మారకం ఉంటుంది. తొలగించబడినవాడికి అదీ ఉండదు. పాతికేళ్లు నెలనెలా ఆ కథను అనుసరించిన పాఠకుడు తన జ్ఞాపకాలకు ఆధారం కోల్పోయాడు.

2016లో జాన్సే రాసిన ‘డీసీ యూనివర్స్: రీబర్త్’ సంచికలో వాలీ కాలప్రవాహంలో చిక్కుకొని, తనను గుర్తించే మనిషి కోసం ఒక్కొక్కరి ముందు కనిపిస్తాడు. ఎవరూ గుర్తించరు. కరిగిపోయే క్షణంలో బ్యారీకి జ్ఞాపకం వస్తుంది. చేయి పట్టి లాగుతాడు. సంస్థ తాను చెరిపినదానిని తానే గుర్తించుకున్న దృశ్యంగా దీనిని చదవవచ్చు. ఆ పశ్చాత్తాపం నిలకడగా సాగలేదు. 2018–19ల్లో ‘హీరోస్ ఇన్ క్రైసిస్’ వాలీని సహచరుల మరణాలకు కారకుణ్ణి చేసింది. 2021లో 768వ సంచికతో జెరెమీ ఆడమ్స్ రచన మొదలై, బ్యారీ ఇతర లోకాల రక్షణకు తరలిపోగా, వాలీ మళ్లీ ప్రధాన ఫ్లాష్ అయ్యాడు. భార్య లిండా, కవలలు అతడి ఇంటికి చేరారు. 2005 సంచికలో పుట్టిన ఆ కవలలు 2021 సంచికల్లోనూ బడి ఈడు పిల్లలే.