మొరయుట, మొఱవెట్టుట

“భేరులు మొరసెను” అను వాక్యమునకు “భేరులు ఏడ్చెను” అని యొక విద్యార్థి మదనపల్లెలో నాయెదుట నర్థము చెప్పెను. నవ్వఁబోయి మానితిని. ఇరువదియేండ్ల క్రిందట నొక కావ్యపుఁ బ్రతిని దిద్దుచు నేనే “మొరసె” నను రూపమును లేఖకదోషమని తలఁచి “మొఱసె” నని మార్చియుంటిని. ఆ తప్పును బరిశీలించుటకే యీ వ్రాఁత.

మొరయు ధాతువునకు ధ్వనించుట యర్థము. భేరీశంఖతూర్యాదుల ధ్వనియందుఁ గవులు దీనిని వాడుదురు. తడయు, ఒరయు మున్నగువానివలె నిదియు యకారాంతము గావున మొరసి, మొరసెను, మొరయఁగా నని రూపములు, ప్రేరణమున మొరయించు. ఇందలి రేఫము సాధువు. మొఱ యన్ననో, ఆర్తుఁడు రక్షకుని నుద్దేశించి చేయు విన్నపము, అందున్నది శకటరేఫము. గజేంద్రమోక్షణమునఁ బోతన వినిపించినది యీ మొఱయే. ప్రాచీనకవులు ఈ రెండు రేఫములకును బ్రాసము కూర్పరు గావున వారికాలమున నుచ్చారణభేద ముండెననుట స్పష్టము. నేఁటి యచ్చుపొత్తములలో ఱకారము తఱచుగ రకారమగుటచే రెండుమాటలును నొక్కటిగఁ గన్పట్టుచున్నవి.

ఈ భేదమునకు సాక్ష్యము వెదకుటకు మాసీమ మిక్కిలి యనువైనది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు మదనపల్లె కడపజిల్లానుండియు, పుంగనూరును, కుప్పము ముఖ్యస్థలముగాఁగల కంగుంది జమీనును ఉత్తరార్కాటునుండియు వచ్చి యిందుఁ గలిసినవి. పుంగనూరు దాఁటి పడమటికిఁ బోయినచో కన్నడము వినవచ్చును. కడలిహోరును, తుమ్మెదలరొదయు వారికి “మొరెత”. శరణువేఁడుట “మొరె హోగు”. పూర్వమందు వారికిని రేఫభేద ముండెను గాని, నేఁటి వ్రాఁతలో మనవలెనే లోపించినది. కావున నా సాక్ష్యము చాలదు.

కుప్పమునకు దక్షిణమున వినవచ్చు తమిళమే తగవు తీర్చుచున్నది. అందు భేరి “మురసు”, తుమ్మెద మ్రోఁత “మురల్”, ఇవి సాధురేఫముతోడివి. క్రమము, న్యాయము “ముఱై”, విన్నపము “ముఱైయీడు”, ఇవి శకటరేఫముతోడివి. ఈ రెంటికిని వారు నేఁటికిని వేర్వేఱు లిపులు వ్రాయుదురు. ద్రావిడ విశ్వవిద్యాలయమును 1997లో కుప్పమునందు నెలకొల్పుట యెంత యుచితమో యిట్టిచోటఁ దెలియును! కాఁబట్టి మొఱ యను మాటకు మూలార్థము ధ్వనియే కాదని నా నిశ్చయము. మొఱవెట్టువాఁడు వట్టిగ నేడ్చువాఁడు కాఁడు. తనకు న్యాయముగ రావలసినదానిని అడుగువాఁడు.

మృదంగవాచకమైన మురజశబ్దమును మావంటి సంస్కృతవైయాకరణులు, చుట్టుట యర్థముగాఁగల ముర ధాతువునుండి సాధింతురు. వారులతోఁ జుట్టఁబడినది గదా యని ముప్పదియేండ్లు నేనును దృప్తిపడితిని. “మురసు” ప్రక్కన నిలువఁగా నిప్పుడు సందేహము కలుగుచున్నది. అయినను నిర్ణయింప సాహసింపను.

మొరయు వాడుకనుండి పూర్తిగఁ దొలఁగెననుటయు సరికాదు. తమిళమున “మరమ్” అనునది మనకు మ్రానైనట్లే, మొదటి యచ్చు జాఱి మ్రోయు, మ్రోగు అను రూపములు గలిగినవి. రేఫమును బోఁగా మిగిలినది మోగు. గుడిగంట మోగినదని పసిబాలుఁడు పలికినపుడు వినఁబడునది యా ప్రాఁతమాటయే.

విద్యార్థికి నాదోషమును జెప్పితిని. ఆనాఁటి ప్రతిని వెలికిఁ దీసి, నేను శకటరేఫముగ మార్చిన తావుల నెల్ల సాధురేఫముగ మరల దిద్దితిని.