ముల్లు లేని గులాబీ వచ్చిన దారి

దసరా వెళ్లి వానలు వెనకపట్టాయంటే గులాబీలు పెంచేవాళ్లు కత్తెర పట్టుకుంటారు. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే నెలన్నరకల్లా మొక్క నిండా మొగ్గలు. కొత్త మొక్క నాటడానికీ ఇదే అదును. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఏటా ఈ రోజుల్లోనే నన్నడుగుతారు: ముళ్లుండకూడదు, ఏడాదికోసారి పూసి ఊరుకోకూడదు, అలాంటి గులాబీ ఉందా అని. ఉంది. దాని పుట్టింటికీ మన గోదావరి తీరానికీ చిన్న చుట్టరికం కూడా ఉంది.

మా అమ్మ తెల్లవారుజామున మసక చీకట్లోనే పూజకు పూలు కోసేది. దేవుడి గదిలోకి వచ్చేసరికి వేలి మీద సన్నటి నెత్తుటి చుక్క ఉండేది. నాకు ముల్లు ఊడదీయడం నేర్పింది ఆమే. బొటనవేలితో పక్కకు నొక్కితే గులాబీ ముల్లు టక్కున విరిగి, కాడ మీద కోలగా ఓ మచ్చ మిగులుతుంది. నిమ్మ ముల్లు అలా రాదు. అది కొమ్మే ముల్లుగా మారినది, లోపలి కట్టెను పట్టుకుని ఉంటుంది. గులాబీ ముల్లు పైతోలు మీద మొలిచినది. వంకాయ తొడిమ మీది ముల్లూ అంతే. ఈ రెండింటి వెనకా ఒకే కుటుంబానికి చెందిన జన్యువు ఉందని 2024లో శాస్త్రవేత్తలు తేల్చారు.

గులాబీ వయసు చాలా పెద్దది. అమెరికాలోని కొలరాడోలో దొరికిన శిలాజాలు సుమారు మూడున్నర కోట్ల ఏళ్ల నాటివి. అక్కణ్నుంచి ఒక్క గెంతు వేసి 1667కి వస్తే, ఇంగ్లిష్ కవి మిల్టన్ తన కావ్యంలోని ఏదెను తోటలో ముల్లు లేని గులాబీని పూయించాడు. అది కవి కల. 1807లో చైనా నుంచి ఇంగ్లండుకు చేరిన తెల్ల బాంక్సియా తీగకు నిజంగానే ముళ్లు లేవు. కానీ అది ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. నెలనెలా పూసే గుణం చైనా గులాబీలదే. యూరప్ వాళ్ల దగ్గర రెండోసారి పూసేదంటే శరత్కాలపు డమాస్క్ గులాబీ ఒక్కటే.

ఆ రెండూ కలిసిన చోటు హిందూ మహాసముద్రంలో ఒక చిన్న ద్వీపం. ఇప్పుడు రీయూనియన్ అంటున్నాం, అప్పట్లో బోర్బన్. అక్కడి ఫ్రెంచి రైతులు పొలాలకు దడిగా గులాబీలే వేసేవారు, చైనా రకం ఒక వరస, డమాస్క్ ఒక వరస. వాటి మధ్య తేనెటీగలు చేసిన పెళ్లి ఎవరికీ తెలియదు. 1817లో వచ్చిన బ్రెయాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ దడి మొక్కల్లో రెండింటినీ పోలిన కొత్త మొక్కను చూసి, దాని విత్తనాలు పారిస్‌కు పంపాడు. బోర్బన్ గులాబీల వంశం అలా మొదలైంది. ఆ ద్వీపపు మొక్కే ఎడ్వర్డ్ గులాబీగా మన దేశానికీ వచ్చింది. దక్షిణాది పూలమార్కెట్లలో పన్నీరు గులాబీ అని తూచి అమ్మే వాటిలో అదీ ఒకటి. 1828లో ఫ్రెంచివారి యానాం నుంచి తెలుగు కూలీలు ఓడెక్కి దిగింది కూడా ఆ ద్వీపంలోనే. చెరకు తోటలకు వెళ్లే దారిలో మనవాళ్లు ఆ గులాబీ దడుల పక్కనే నడిచి ఉంటారన్న ఊహ నన్ను వదలదు.

అదే వంశంలో 1868లో ఫ్రాన్స్‌లో బిజో అనే ఆయన చేతుల మీదుగా వచ్చిన తీగ గులాబీ జెఫిరీన్ డ్రూయే. ముదురు గులాబీ రంగు, గది నిండే వాసన, విడతలు విడతలుగా పూత, చెయ్యి కింది నుంచి పై దాకా జార్చినా గీరుకోని నున్నటి కాడ. అగాథా క్రిస్టీ 1940లో రాసిన 'శాడ్ సైప్రెస్' నవలలో చేతి మీది గాటు గులాబీ ముల్లుదని ఒక సాక్షి చెబుతుంది. ఆమె చెప్పిన గుమ్మం పక్కన ఉన్నది ముల్లు లేని జెఫిరీన్. అబద్ధం అక్కడ దొరికిపోతుంది. ఒక పువ్వు సాక్ష్యం చెప్పిన ఆ ఘట్టం కోసమే ఆ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదువుతాను.

ఆ తర్వాతి కథ ఒక దారిన సాగలేదు. జెఫిరీన్ నుంచే 1919లో లేతరంగు కాథ్లీన్ హారప్ వచ్చింది. 1958లో జర్మనీ నుంచి వచ్చిన తెల్ల ఐస్‌బర్గ్‌కు ముళ్లు తక్కువ, పూత ఎక్కువ. ఇంగ్లండులో డేవిడ్ ఆస్టిన్ కొన్నిటిని నునుపుగా తెచ్చారు. కానీ చాలా నర్సరీల్లో అడిగేది రంగు, పువ్వు సైజు. కాడ సంగతి అడిగేవాళ్లు లేరు. రెండేళ్ల కిందట ముళ్లు లేనిదని చెప్పి నాకు ఒక మొక్క అమ్మారు. ఇంటికి తెచ్చి చూస్తే కాడ పొడుగునా అమ్మ చూపించిన కోల మచ్చలే. ముళ్లు గిల్లేసి అమ్మారు. కొత్త చిగురు ముళ్లతోనే వచ్చింది.

జెఫిరీన్ దొరికితే గాలి ఆడే చోట, గోడకు కాస్త ఎడంగా పాకించండి. నల్లమచ్చ, బూడిద తెగుళ్లు దానికి త్వరగా పడతాయి. దొరక్కపోతే మన వాకిళ్లకు ఐస్‌బర్గ్ చాలు. అంటు కింద నుంచి ఏడేసి ఆకుల రెమ్మలతో నున్నటి పిలక వస్తే మురిసిపోకండి. అది కింద వేరు కోసం వాడిన అడవి గులాబీ కావచ్చు, ఏడాదికోసారే పూస్తుంది. మొదట్లోనే లాగేయండి. కొనేటప్పుడు మాత్రం పువ్వు కంటే ముందు కొత్త చిగురును వేళ్లతో తడిమి చూడండి.