రెడ్ వైన్ కొంటున్నారా? స్పెయిన్, చిలీ, అర్జెంటీనా బాటిల్స్‌పై ముందు ఇవి చూడండి

హైదరాబాద్: అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్లలో 'వైన్స్' బోర్డులు చాలానే కనిపిస్తాయి. లోపల మాత్రం బీర్లు, విస్కీ, బ్రాందీలదే హవా. అసలు వైన్ ఓ అరలో సర్దుకుంటుంది. అక్కడ ఫారిన్ బాటిల్ తీసుకునేటప్పుడు ఏం చూడాలి? తక్కువ బడ్జెట్‌లో మంచిది ఎలా ఎంచుకోవాలి? తెలుసుకుందాం.

రేటు ఎందుకంత?
విదేశీ వైన్‌పై మన దేశంలో ఏళ్లుగా 150 శాతం కస్టమ్స్ డ్యూటీ ఉంటూ వచ్చింది. అంటే 400 రూపాయల బాటిల్ పోర్టు దాటేసరికే 1,000 అవుతుంది. రాష్ట్ర పన్నులు, షాపు మార్జిన్ ఆ పైన. కాబట్టి ఇక్కడ రేటు ఎక్కువ ఉందని అది గొప్ప వైన్ అనుకోవద్దు. లేబుల్ చదవండి.

ఏ ద్రాక్ష ఎలా ఉంటుంది?
* మాల్బెక్ (అర్జెంటీనా): ముదురు రంగు, నేరేడు పండును గుర్తుచేసే రుచి. మెండోజా ప్రాంతం దీనికి ఫేమస్. మటన్‌తో బాగుంటుంది.
* కార్మెనేర్ (చిలీ): కాస్త క్యాప్సికం వాసన వస్తుంది. చిలీలో దీన్ని చాలాకాలం మెర్లో అనే అనుకున్నారు. 1994లో అసలు సంగతి తేలింది.
* టెంప్రానియో (స్పెయిన్): చెర్రీ రుచి, మధ్యస్థంగా వగరు.
* గర్నాచా (స్పెయిన్): వగరు తక్కువ. కొత్తవాళ్లకు ఈజీ.

'రిజర్వా' అని ఉంటే?
ఇక్కడే డబ్బులు వేస్ట్ అయ్యే ఛాన్స్ ఉంది. స్పెయిన్‌లోని రియోహా రెడ్ వైన్‌పై 'క్రియాంజా' అంటే కనీసం రెండేళ్లు, 'రిజర్వా' అంటే మూడేళ్లు నిల్వ ఉంచాలి. రెండింటికీ అందులో ఏడాది ఓక్ పీపాలోనే. చిలీలో 'రిజర్వా'కు ఇలా ఇన్నేళ్లు దాచాలన్న రూల్ లేదు. ఆ ఒక్క మాట చూసి ఎక్కువ పెట్టకండి.

బాటిల్ చెక్ చేయండి
ఎండ తగిలే చోట, వేడిగా ఉండే అరలో పెట్టిన బాటిల్ వద్దు. కార్క్ పైకి తోసుకొచ్చినా, మూత దగ్గర కారిన మరక ఉన్నా వదిలేయండి. ఎమ్మార్పీ చూసుకోండి.

టేస్ట్ ఎలా చూడాలి?
'రూమ్ టెంపరేచర్' అంటే 16-18 డిగ్రీలు. మన ఎండాకాలం గది కాదు! తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లాసులో కొంచెమే పోసి తిప్పి వాసన చూడండి. వెనిగర్ వాసనో, తడిసిన అట్టపెట్టె వాసనో వస్తే వైన్ పాడైనట్టే. మంచి కారం కూరలతో వగరు వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. అప్పుడు గర్నాచా బెటర్. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో ముగించాలి.

ఇది మరవొద్దు
రెడ్ వైన్‌లో సాధారణంగా 13-14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. స్ట్రాంగ్ బీర్ కంటే ఇది ఎక్కువ. తెలంగాణలో 21 ఏళ్లు నిండినవారికే మద్యం అమ్మాలి. 100 ఎం.ఎల్ రక్తంలో 30 ఎం.జీ ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. తాగితే బండి తీయకండి, క్యాబ్ ఎక్కండి.

(మద్యపానం ఆరోగ్యానికి హానికరం)