బందరు దుర్భిణులు: సైన్యము తన చూపును ఎన్నుకొనిన చరిత్ర

మిరప కల్లమున రాత్రి కావలి పండుకొను రైతునకు ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. టార్చిలైటు వెలిగించినచో దొంగ మనకు కనబడును. కాని అంతకు ముందే మనము దొంగకు కనబడుదుము. రాత్రి యుద్ధమునందలి చిక్కంతయు ఇదియే. తుపాకి యెంత మేలైనదైనను, గురి చూచు కన్ను చీకటిలో పనిచేయనిచో అది చేతికఱ్ఱతో సమానము. ఆ కన్నును మన సైన్యము ఏ విధముగ ఎన్నుకొనుచు వచ్చినదో, అందు మన కృష్ణాతీరమునకు గల పాలెంతయో చెప్పుటకు పూనుకొంటిని.

గురి దుర్భిణి యనగా దూరపు వస్తువును దగ్గరగా చూపు గొట్టము మాత్రమే యని పలువురు తలతురు. దగ్గరగా చూపుట దాని పనిలో సగమే. తుపాకి పేలినప్పుడెల్ల వెనుకకు తన్నును. అట్టి తాపులు వందలు తిన్న పిమ్మటను లోని గురి గీత వెండ్రుకవాసియైనను కదలరాదు. కదలినచో బల్లమీద ఎంత స్పష్టముగ చూపినను అది యుద్ధమునకు పనికిరాదు. టాంకు ఫిరంగి విషయము ఇంకను క్లిష్టము. లక్ష్యమెంత దూరమున నున్నది, ఎటు కదలుచున్నది, గాలి ఎటు వీచుచున్నది అను లెక్కలన్నియు చూచి గొట్టమును సరియైన ఎత్తునకు త్రిప్పవలెను. ఈ పనిచేయు సాధన సముదాయమునే ఫైర్ కంట్రోలు అందురు.

పరికరము గొప్పదైనంత మాత్రమున గెలుపు రాదని 1965 సెప్టెంబరులో పంజాబునందలి అసల్ ఉత్తర్ వద్ద తేలినది. పాకిస్తాను తెచ్చిన అమెరికా పాటన్ టాంకులలో దూరమును కొలుచు కటక యంత్రములు అమర్చబడియుండెను. వానిని నేర్పుతో వాడుటకు దీర్ఘమైన శిక్షణ కావలెను. మన సెంచూరియన్లలోని గురి అద్దములు అంతకన్న సాదావి. వానితోపాటు పాత షెర్మను టాంకులతో పోరాడిన దక్కను హార్స్ దళము ఒకప్పటి నైజాము అశ్వదళమునుండి పుట్టినదని మన పాఠకులు గుర్తింపవలెను. మనవారు పొలములకు నీరు వదలి బురద చేసి, చెఱకు తోటలలో దాగి, దగ్గరకు వచ్చువరకు ఓర్చి కొట్టిరి. శత్రువు కోల్పోయిన టాంకులు 97 అని మన లెక్క. ఇది దుర్భిణుల విజయమని నేననను. బురదకును, ఓర్పునకును అందు పెద్ద పాలు కలదు. కాని వాడువాని చేతికి అమరని పరికరము వానికి బరువగునని మాత్రము అచ్చట రుజువైనది.

ఇక రాత్రి సంగతి. మొదట వచ్చిన సాధనములు కంటికి కనబడని ఎఱ్ఱక్రింది కాంతిని దీపమువలె ప్రసరింపజేసి చూచునట్టివి. అట్టి సాధనమే ఎదుటివానికిని ఉన్నచో మన దీపము వానికి స్పష్టముగ కనబడును. కల్లములోని టార్చిలైటు కథయే మరల వచ్చినది! 1960 తరువాతి వియత్నాము యుద్ధమున అమెరికనులు నక్షత్రకాంతి దుర్భిణిని వాడిరి. ఇది తానుగా వెలుగు నీయదు. చుక్కలనుండి వచ్చు కొద్దిపాటి కాంతి ఒక పలుచని పూతపై పడి విద్యుత్కణములను వెడలించును. ఆ కణములు వేగము పొంది వెనుకనున్న తెరను తాకగా పచ్చని బొమ్మ తోచును. దీనికి ప్రాణము ఆ గాజు గొట్టము. అట్టి గొట్టముల తయారీకై భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1990లో పూనాయందు డచ్చివారి పొత్తుతో ఒక కంపెనీని నెలకొల్పినది.

గొట్టమును దుర్భిణిగా కూర్చు పనిలో బందరు పేరు వినబడును. పెనుమూడి రేవు దాటి ఆవలి ఒడ్డునకు పోయినచో బందరు ఎంతో దూరము కాదు. అచ్చట 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలసినది. శాస్త్ర పరికరములు సీమనుండియే రావలెనని జనులు నమ్మిన కాలమున ఒక రేవు పట్టణమున వానిని చేయుటకు సాహసించుట సామాన్యము కాదు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దానిని స్వీకరించినది. అటుపిమ్మట బందరు కర్మాగారము సైనికుల రాత్రి దుర్భిణులకు పేరుగాంచినది. కటకమును అరగదీయుట, మెరుగుపెట్టుట, ఒకదాని వెనుక నొకటి ఒకే వరుసలో నిలుపుట ఏండ్ల తరబడి చేతికి పట్టుబడవలసిన విద్య. అది పుస్తకమున లభించునది కాదు.

ఈ చూపు విలువ 1999లో కార్గిలు కొండలపై మరల తెలిసినది. చెట్టు చాటు లేని ఆ వాలులను పగలు ఎక్కుట మృత్యువును పిలుచుటయే గనుక దాడులు ఎక్కువగా రాత్రులందే జరిగెను. జూన్ 28 పున్నమి. ఆ రాత్రి ద్రాస్ ప్రాంతమున తన కంపెనీని నడిపించుచు హైదరాబాదువాసి మేజరు పద్మపాణి ఆచార్య నేలకొరిగెను. ఆయనకు మరణానంతరము మహావీరచక్ర మొసంగిరి. వెన్నెల ఎక్కువానికి దారి చూపును. పైన మరతుపాకితో కూర్చున్నవానికి గురి చూపును.

ఎన్నిక జరుగు తీరు గూర్చి రెండు మాటలు. మొదట సైన్యము తనకు కావలసిన గుణములను వ్రాతమూలముగ నిర్ణయించును. పిమ్మట నమూనాలను తెప్పించి ఎడారి ఎండలోను, మంచు కొండలలోను పరీక్షించును. నెగ్గినవానిలో తక్కువ ధరకు ఇచ్చువానికి పని దక్కును. పద్ధతి మంచిదే. కాని కాగితముపై కోర్కెలు పెరిగినకొలది పరీక్షలో నెగ్గువారు తరుగుదురు. గొట్టము మార్చి రెండు రకముల గుండ్లు పేల్చదగిన రైఫిలు కావలెనని 2011లో పిలిచిన టెండరు 2015లో రద్దయ్యెను. ఆ నాలుగేండ్లును సరిహద్దులోని జవాను పాత తుపాకితోనే కావలి కాచెను. 2019లో సిగ్ 716 రైఫిళ్ళు 72,400 కొనుటకు ఒప్పందమైనది. వానికి చుక్కల వెలుతురున 500 మీటర్ల వరకు గురి నిచ్చు రాత్రి దుర్భిణులకై 659.47 కోట్ల రూపాయల ఒప్పందము కుదిరినది 2025 అక్టోబరులో. తుపాకికిని దాని కంటికిని నడుమ ఆరేండ్లు! ఇది నా మనస్సునకు సమ్మతము కాదు.

ఆ నెలలోనే కృష్ణాజిల్లా నిమ్మలూరున భారత్ ఎలక్ట్రానిక్స్ వారు సుమారు 360 కోట్ల వ్యయముతో నిర్మించిన రాత్రి దృష్టి పరికరముల కర్మాగారము జాతికి అంకితమైనది. తొంబది తొమ్మిదేండ్ల క్రిందట బందరులో మొదలైన పని ఇప్పుడచ్చట సాగుచున్నది.